ఉత్తర్వు వెనక అర్జీ: మలి రోమన్ కాలాన్ని చదవడం గురించి

(చరిత్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పీఠిక లేకుండా నేరుగా ఒక అర్జీలోకి వెళ్దాం.

క్రీ.శ. 340 దాటిన తర్వాత ఒకటి రెండేళ్ళలో రాసిన అర్జీ ఇది. రాసినవాడు రోమన్ సైనికాధికారి ఫ్లేవియస్ అబిన్నయస్. దక్షిణ ఈజిప్టులో విలుకాళ్ళ గుర్రపుదళంలో 33 ఏళ్ళు పనిచేశాడు. బ్లెమీలు అనే సరిహద్దు ప్రజల మనుషులను వెంటబెట్టుకుని రాజధాని కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్ళాడు. అక్కడ చక్రవర్తి ఊదారంగు వస్త్రాన్ని ముద్దాడే గౌరవం దక్కింది. వాళ్ళను తిరిగి వాళ్ళ దేశంలో దింపి, మూడేళ్ళు అక్కడే ఉన్నాడు. తర్వాత సైన్యంలోకి కొత్తగా తీసుకున్నవాళ్ళను సిరియాలోని హియెరాపోలిస్‌లో చక్రవర్తి ముందు హాజరు పరిచాడు. అప్పుడు ఆయనకు ఉత్తర్వు వచ్చింది: ఈజిప్టులో, ఫయూమ్ ప్రాంతంలో, డయొనీసియస్ అనే ఊరి కోటలో ఉన్న గుర్రపుదళానికి ఇకనుంచి నువ్వే అధిపతివి.

ఆ కాగితం పట్టుకుని ఆయన ఈజిప్టు సైన్యాధిపతి వాలకియస్ ఆఫీసుకు వెళ్ళాడు. ఆఫీసువాళ్ళు చెప్పిన జవాబు ఏమిటంటే, ఇలాంటి ఉత్తర్వులు ఇంకా కొంతమంది కూడా తెచ్చారు.

అందుకే ఈ అర్జీ. కాన్‌స్టాన్షియస్, కాన్‌స్టాన్స్ అనే ఇద్దరు అన్నదమ్ముల చక్రవర్తులకు లాటిన్‌లో రాశాడు. వాళ్ళవి సిఫారసుల మీద సంపాదించిన ఉత్తర్వులు, నాది మీరు స్వయంగా తీసుకున్న నిర్ణయం, వాళ్ళను తప్పించి నన్ను ఉంచండి అని దాని సారాంశం.

ఆయనకు ఉద్యోగం దక్కింది. 344లో అదే వాలకియస్ ఆయన్ని పదవి నుంచి దించేశాడు. 346 నాటికి ఆయన మళ్ళీ అదే కోటలో ఉన్నాడు. ఈ గొడవంతా మనకు ఎలా తెలిసిందంటే, ఆయన తన కాగితాలు దాచుకున్నాడు కాబట్టి. 80కి పైగా పపైరస్ పత్రాలు, అంటే రెల్లులాంటి మొక్కతో చేసిన కాగితం మీద రాసినవి. 19వ శతాబ్దం చివర్లో అవి బయటపడి, కొన్ని లండన్‌కు, కొన్ని జెనీవాకు చేరాయి.

చక్రవర్తి ఆజ్ఞ వేస్తే రాజ్యమంతా కదిలిందని ఒక రకం చరిత్ర పుస్తకాలు చెబుతాయి. చక్రవర్తి మాట ఎవరూ వినలేదు, అందుకే రాజ్యం కూలిందని ఇంకో రకం చెబుతాయి. అబిన్నయస్ అర్జీ ఎదురుగా పెట్టుకుంటే ఈ రెండూ నిలవవు. చక్రవర్తి ఉత్తర్వుకు విలువ ఉంది. లేకపోతే అంతమంది ఎందుకు సంపాదిస్తారు? కానీ ఉత్తర్వుతో పని ముగియలేదు, బేరం మొదలైంది. ఈ కాలం మీద పరిశోధన చేయాలనుకునేవాళ్ళకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. పైనుంచి దిగిన ఏ ఉత్తర్వు మీ కంటబడినా, దాన్ని అడిగినవాళ్ళు ఎవరో వెతకండి. అడిగినవాళ్ళు కనబడితే రాజకీయం, సమాజం రెండూ ఒకేచోట దొరుకుతాయి.

కొంచెం నేపథ్యం చెప్పాలి. 235 నుంచి 284 దాకా రోమన్ రాజ్యంలో ఇరవైమందికి పైగా చక్రవర్తులు వచ్చారు, పోయారు. చాలామంది తమ సైనికుల చేతుల్లోనే చచ్చారు. 284లో గద్దెక్కిన డయొక్లీషియన్ దీన్ని ఆపడానికి రాజ్యయంత్రాన్నే మార్చాడు. రాష్ట్రాలను చిన్నవి చేశాడు. వాటి సంఖ్య రెట్టింపై 100 దగ్గరికి చేరింది. భూమికీ మనుషులకూ కొత్త లెక్కలు కట్టించి, వాటి మీద శిస్తు వేయించాడు. 301లో వెయ్యికి పైగా సరుకులకు, కూలి రేట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించి, మీరితే మరణశిక్ష అన్నాడు. పొలం కూలీకి తిండి పెట్టి రోజుకు 25 దినారాలు, చదువు చెప్పే పంతులుకు పిల్లవాడికి నెలకు 50 అని అందులో ఉంటుంది. ఆ ధరలు నిలవలేదు. శిస్తు పద్ధతి, చిన్న రాష్ట్రాలు, పెరిగిన ఉద్యోగులు మాత్రం నిలిచారు. తర్వాతి శతాబ్దంలో జీతం తీసుకునే ప్రభుత్వ ఉద్యోగులు 30,000 పైమాటేనని చరిత్రకారుల అంచనా. అంతకుముందు రోమన్ ప్రభుత్వం చాలా పలచగా ఉండేది. ఇప్పుడు ప్రభుత్వం ఊరికి దగ్గరగా వచ్చింది, దాంతో అడగడానికి ఒక గుమ్మం దొరికింది. అర్జీలు పెరగడానికి అదే కారణం.

ఈ కాలాన్ని చాలాకాలం పతనం అనే ఒక్క మాటతో చదివారు. 18వ శతాబ్దంలో గిబ్బన్ అనే ఆంగ్ల చరిత్రకారుడు వేసిన దారి అది. 1964లో ఏ.హెచ్.ఎం. జోన్స్ శిస్తులు, జీతాలు, సైన్యం, భూమి లెక్కలు పోగేసి రాజ్యం అసలు ఎలా నడిచిందో చూపించాడు. 1971లో పీటర్ బ్రౌన్ దీన్ని ఒక కొత్త సమాజం పుట్టిన కాలంగా చూడమన్నాడు. పతనమా, మార్పా అని ఇప్పటికీ వాదిస్తున్నారు. నా మట్టుకు ఆ ప్రశ్నతో మొదలుపెట్టినవాడికి ఏ పత్రం చూసినా తన జవాబే కనిపిస్తుంది. ప్రశ్న ఇంకా చిన్నదిగా వేసుకోవాలి.

ఇప్పుడు చట్టాల సంగతి. రెండవ థియొడోసియస్ చక్రవర్తి 429లో ఒక సంఘం వేసి, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నాటినుంచి వచ్చిన శాసనాలన్నీ ఒకచోట చేర్చమన్నాడు. 438లో ప్రకటించిన ఆ సంపుటమే థియొడోసియన్ కోడ్. 16 భాగాలు, దాదాపు 2,500 చట్టాలు. అందులో 12వ భాగంలో మొదటి శీర్షిక కింద మాత్రమే 192 చట్టాలు ఉన్నాయి. అన్నీ నగర సభల సభ్యుల గురించే. ఈ సభ్యులు ఊళ్ళో ఆస్తిపరులు. తమ నగరం పరిధిలో శిస్తు వసూలు చేసి కట్టే బాధ్యత వీళ్ళది, తక్కువ పడితే సొంత ఆస్తి పోతుంది. కాబట్టి వీళ్ళు సైన్యంలోకో, ప్రభుత్వ ఉద్యోగంలోకో, చర్చిలోకో జారుకునేవాళ్ళు. వాళ్ళను వెనక్కి తెమ్మని చట్టం, మళ్ళీ చట్టం, మళ్ళీ చట్టం.

దీన్ని చూసి పాతతరం చరిత్రకారులు, ఒకే చట్టం ఇన్నిసార్లు చేయాల్సి వచ్చిందంటే ఎవరూ పాటించలేదనే కదా అన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ చట్టాలు ఎలా పుట్టేవో చూడండి. ఒక నగరమో, ఒక అధికారో తమ సమస్య రాసి పంపేవాళ్ళు. చక్రవర్తి సలహా సభలో చర్చ జరిగేది. క్వెస్టర్ అనే అధికారి మంచి భాషలో జవాబు రాసేవాడు. ఆ జవాబే చట్టం. సిరియాలోని ఆంటియోక్ నగరం అడిగితే ఒక జవాబు, ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం అడిగితే ఇంకొకటి. అలా చూస్తే 192 చట్టాలంటే 192 సార్లు ఎవరో చక్రవర్తి గడప తొక్కి, మా సభ్యుణ్ణి మాకు ఇప్పించండి అనో, నన్ను వదిలేయమని చెప్పండి అనో అడిగారని. పాటించని చట్టం కోసం అంత దూరం ఎవరు పోతారు? ఇది మొత్తం జవాబు అనను. కొన్ని చట్టాలు నిజంగానే కాగితం మీద మిగిలాయి. ఒక్కొక్కదాన్ని విడిగా చూడాలి.

చిక్కు ఎక్కడంటే, కోడ్ తయారుచేసినవాళ్ళకు చట్టంలో అసలు ఆదేశం మాత్రమే ఉంచి మిగతాది తీసేయమని చెప్పారు. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నది ముందుమాటలో ఉండేది. కత్తిరింపులో పోయింది కూడా అదే. అదృష్టం కొద్దీ, సిర్మోండియన్ శాసనాలని పిలిచే 16 చట్టాలు కత్తిరించకుండా విడిగా మిగిలాయి. వాటిలో కొన్ని కోడ్‌లోనూ ఉన్నాయి. రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి చదవండి. ఎంత పోయిందో కళ్ళకు కడుతుంది. పరిశోధనలో మొదటి నెలలోనే చేయాల్సిన పని ఇది.

చట్టాన్ని, దాని అవతలి పక్షాన్ని కలిపి చదవగలిగే ఒక మంచి సందర్భం ఉంది. అదే రైతులు, రక్షకుల వ్యవహారం. 360లో కాన్‌స్టాన్షియస్ ఒక చట్టం చేశాడు: ఈజిప్టులో రైతులు పెద్ద హోదా ఉన్నవాళ్ళ అండలో చేరిపోయి శిస్తు ఎగ్గొడుతున్నారు, ఇది ఆపాలి. ఆ రక్షకుల్లో సైన్యాధిపతులు కూడా ఉన్నారని చట్టమే చెప్పింది. మూడు దశాబ్దాల తర్వాత సిరియాలోని ఆంటియోక్‌లో లిబానియస్ అనే వక్త ఇదే విషయం మీద మొదటి థియొడోసియస్ చక్రవర్తిని ఉద్దేశించి ఒక ప్రసంగం రాశాడు. లిబానియస్ రాసినవి 1,500కి పైగా ఉత్తరాలు, 64 ప్రసంగాలు మిగిలాయి. ఈ ప్రసంగంలో ఆయన చెప్పేది: ఊళ్ళలో ఉన్న సైనికులకు రైతులు ధాన్యమో బంగారమో ఇస్తారు. శిస్తు వసూలుకు నగర సభ మనిషి వస్తే రాళ్ళతో కొడతారు. ఆ మనిషి దెబ్బలతో తిరిగొచ్చి, తన ఆస్తి అమ్మి శిస్తు కట్టి, సభలో తన స్థానం పోగొట్టుకుంటాడు.

చదువుతుంటే జాలి వేస్తుంది. అయితే ఇంకొంచెం ముందుకు పోతే లిబానియస్ సొంత కథ వస్తుంది. నాలుగు తరాలుగా తన కుటుంబం భూమిని సాగు చేస్తున్న యూదు కౌలుదార్లు ఎదురు తిరిగారు, కోర్టుకు వెళ్తే వాళ్ళు ఒక సైన్యాధిపతిని ఆశ్రయించారు, తీర్పు తనకు వ్యతిరేకంగా వచ్చింది. అంటే మాట్లాడుతున్నది కేసు ఓడిన భూస్వామి. రైతుకు రక్షకుడే వద్దని ఆయన అనడం లేదు, ఆ రక్షకుడు భూమి యజమానే అయి ఉండాలంటున్నాడు. ఆ కౌలుదార్లు ఏమడిగారో, వాళ్ళకు యజమాని మీద ఏ కోపం ఉందో ఆ ప్రసంగంలో ఒక్క మాట లేదు. మెకంజీ అనే బ్రిటిష్ అధికారి సేకరించిన కైఫీయతులు, అంటే మన ఊళ్ళ చరిత్రలు, చదివినవాళ్ళకు ఈ జాగ్రత్త కొత్త కాదు. చెప్పినవాడికి ఏం కావాలో తెలియకుండా చెప్పిన మాటను తీసుకోలేం.

కథ ఎక్కడ తేలిందో చూడండి. 415 నాటి చట్టం ఈజిప్టులో 397కు ముందు నుంచి ఇలా రక్షకుల చేతిలో ఉన్న భూములను కదపవద్దంది. ఆ తర్వాత పట్టినవాళ్ళ మీదే విచారణ. ఇన్నేళ్ళ బేరం చివరికి ఒక తేదీ దగ్గర కుదిరింది. ఇందులో నాకు గెలుపూ ఓటమీ కనిపించవు. ఎవరెవరికి ఎంత బలం ఉందో కొలిచి చూపించే గీత కనిపిస్తుంది.

సైనికుడు, ఊరు అనగానే ఎప్పుడూ దోపిడీయే అనుకోకండి. అబిన్నయస్ పత్రాల్లోనే హెర్మోపోలిస్ ఊరి పూజారి కావోర్ రాసిన ఉత్తరం ఉంది. క్రైస్తవ పూజారి. పాల్ అనే సైనికుడు పారిపోయి వచ్చాడు, ఈ ఒక్కసారికి క్షమించండి, నాకు మీ దగ్గరకు వచ్చే తీరిక లేదు, మానకపోతే ఇంకోసారి మీ చేతికే చిక్కుతాడు కదా అని రాశాడు. ఇంకో ఉత్తరంలో, లేళ్ళు చేలు పాడుచేస్తున్నాయి, మీ కోటలో ఉన్న వలలు పంపండి అని అడిగారు. పెద్ద రాజ్యం గురించి పరిశోధన చేసేవాళ్ళు ఈ వలల ఉత్తరాన్ని వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది. కోట అధికారి ఊరివాళ్ళకు ఎంత అందుబాటులో ఉన్నాడో ఏ చట్టమూ చెప్పదు.

ఆఫ్రికాకు వద్దాం. 1970లలో యొహానెస్ దివ్యాక్ అనే పరిశోధకుడు క్రైస్తవ రచయిత అగస్టీన్ గ్రంథాల రాతప్రతులను జాబితా చేస్తుండగా, ఎవరూ గమనించని ఉత్తరాలు బయటపడ్డాయి. 1981లో 29 ఉత్తరాలు అచ్చయ్యాయి. పదిహేను వందల ఏళ్ళుగా చదువుతున్న రచయిత దగ్గరే కొత్త ఆధారం దొరికింది! వాటిలో పదవ ఉత్తరం 420లలోది. హిప్పో నగర బిషప్‌గా ఉన్న అగస్టీన్, ఇటలీలో ఉన్న స్నేహితుడు అలీపియస్‌కు రాశాడు. బానిసల వ్యాపారులు ఆఫ్రికాలో స్వేచ్ఛగా పుట్టినవాళ్ళను ఎత్తుకుపోతున్నారు. లోతట్టు పల్లెల మీద గుంపులుగా పడి మనుషులను లాక్కొచ్చి వీళ్ళకు అమ్ముతున్నారు. హిప్పోలో ఒక స్త్రీ కట్టెలు కొంటానని కొండ ఊళ్ళ ఆడవాళ్ళను పిలిచి, బంధించి, కొట్టి అమ్మేసింది. చర్చి భూమిలోని ఒక కౌలుదారు, కాస్తో కూస్తో బతుకుతున్నవాడే, డబ్బు ఆశతో కట్టుకున్న భార్యను అమ్మాడు. అగస్టీన్ ఊళ్ళో లేనప్పుడు హిప్పో క్రైస్తవులు ఓడ మీద కొంతమందిని, దాచిపెట్టిన చోట కొంతమందిని, మొత్తం 120 మందిని విడిపించారు. వాళ్ళలో తల్లిదండ్రులే అమ్మినవాళ్ళు ఐదారుగురికి మించి లేరట.

ఈ వ్యాపారాన్ని నిషేధిస్తూ హొనోరియస్ చక్రవర్తి చేసిన చట్టం అప్పటికే ఉంది. అగస్టీన్ దాని నకలు కూడా జతచేశాడు. సీసం గుండ్లు కట్టిన కొరడాతో కొట్టాలన్న శిక్ష మాత్రం ఆయనకు నచ్చలేదు, దానివల్ల మనుషులు చచ్చిపోతారని. జనాన్ని విడిపించడానికి ఎంత అవసరమో అంతవరకే ఆ చట్టాన్ని వాడుకుంటున్నామన్నాడు. పైగా ఆ వ్యాపారులకు పెద్దల అండ ఉంది, విడిపించినవాళ్ళ మీదే వాళ్ళు ఒత్తిడి తెస్తున్నారు. అందుకే అలీపియస్‌ను చక్రవర్తి దగ్గర ఈ విషయం కదపమని అడుగుతున్నాడు. చట్టం ఉందా లేదా అన్న ప్రశ్న ఎంత చాలనిదో చూశారు కదా. దాని నకలు ఎవరి దగ్గర ఉంది, ఎవరు వాడాలనుకున్నారు, ఎంతవరకు వాడారు, ఇవన్నీ అడగాలి.

ఒక హెచ్చరిక. మన పపైరస్ పత్రాలు దాదాపు అన్నీ ఈజిప్టువే, ఎందుకంటే అక్కడి నేల పొడి. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్), స్పెయిన్ రైతులు కూడా అర్జీలు పెట్టే ఉంటారు. అక్కడి తేమలో అవి కుళ్ళిపోయాయి. అందుకని ఈజిప్టు బయట దొరికిన కొద్ది పత్రాలు చాలా విలువైనవి. 1993లో జోర్డాన్‌లోని పెట్రాలో ఒక చర్చి తవ్వుతుంటే 6వ శతాబ్దపు చుట్టలు సుమారు 140 దొరికాయి. అగ్నిప్రమాదంలో బొగ్గైపోయాయి కాబట్టే చెదలకూ తేమకూ చిక్కలేదు. అల్జీరియా, ట్యునీషియా సరిహద్దులో 1928లో దొరికిన చెక్కపలకలు ఇంకా ఆసక్తికరం. 493 నుంచి 496 మధ్య రాసిన భూమి, ఆలివ్ చెట్ల అమ్మకపు పత్రాలు అవి. తేదీలు వాండల్స్ అనే జర్మానిక్ తెగ రాజు గుంథమండ్ పాలన ఏళ్ళలో ఉన్నాయి. కార్తేజ్ 439లోనే వాండల్స్ చేతికి పోయింది. అంటే రోమన్ చక్రవర్తి ఆ ప్రాంతం వదిలి 50 ఏళ్ళు దాటాక కూడా రైతులు పాత రోమన్ కౌలు హక్కు పేరుతోనే చెట్లు అమ్ముకున్నారు, కొన్నారు. పడమటి రోమన్ చక్రవర్తుల పాలన ఆగిన 476ని ఒక ముగింపుగా బట్టీ పట్టినవాళ్ళు ఈ పలకలను ఒకసారి చూడాలి.

ఇంకొక మాట, పని చేసేవాళ్ళకు. అచ్చయిన పపైరస్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నది పత్రంలో చిరిగిపోయిన చోటు. అక్కడి మాటలు సంపాదకుడు ఊహించి నింపినవి. అక్షరం కింద చుక్క ఉంటే అది అనుమానంగా చదివిన అక్షరం. అనువాదంలో ఈ గుర్తులు చాలాసార్లు కనబడవు. బ్రాకెట్ల లోపలి మాట మీద థీసిస్ కట్టకండి.

చివరిగా డియోస్కోరస్. దక్షిణ ఈజిప్టులో అఫ్రోడిటో అనే ఊరు. ఇప్పటి పేరు కోమ్ ఇష్కావ్. 1905లో ఇక్కడ దొరికిన పత్రాలు 6వ శతాబ్దపు ఊరి పెద్ద, లాయరు, కవి అయిన డియోస్కోరస్‌వి. మెనాండర్ అనే పాత గ్రీకు నాటకకర్త రచనల ప్రతి కూడా వాటితోనే దొరికింది. డియోస్కోరస్ గ్రీకులోనూ, ఈజిప్టు సొంత భాష అయిన కాప్టిక్‌లోనూ రాసేవాడు. అధికారులను పొగుడుతూ పద్యాలు రాసి, వాటిలోనే తన కష్టం చెప్పుకునేవాడు. వందేళ్ళ క్రితం పండితులు ఆయన్ను చెడ్డ కవి అని కొట్టిపారేశారు. నాకు ఆ తీర్పు అన్యాయం అనిపిస్తుంది. ఊరి శిస్తు కోసం పరాయి భాషలో పద్యం కట్టిన మనిషిని హోమర్ పక్కన నిలబెట్టి కొలవకూడదు.

అఫ్రోడిటోకు ఒక హక్కు ఉండేది. పగార్క్ అనే జిల్లా అధికారి ప్రమేయం లేకుండా శిస్తు నేరుగా రాష్ట్ర ఖజానాకు కట్టుకోవచ్చు. పగార్క్‌లకు అది ఇష్టం లేదు. ఊరు మహారాణి థియొడోరా రక్షణలో చేరింది, 548లో ఆమె చనిపోయింది. 551లో డియోస్కోరస్ కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళి జస్టినియన్ చక్రవర్తి ఉత్తర్వు సంపాదించాడు. థియొడోసియస్ అనే అధికారి ఊరి శిస్తు వసూలు చేసి ఖజానాకు కట్టకుండా మింగేశాడని, జనం దాన్ని మళ్ళీ కట్టాల్సి వచ్చిందని అందులో ఉంది. ఈ విషయం మీద ఇంతకుముందే ఒక ఆజ్ఞ ఇచ్చామని, మా ఆజ్ఞల కంటే అతని కుట్రలే బలంగా నిలిచాయని కూడా ఉంది. చక్రవర్తి తన నోటితో తన చేతకానితనం ఒప్పుకున్నాడని ఈ వాక్యాన్ని చాలామంది ఉదహరిస్తారు.

అయితే ఈ ఉత్తర్వు ఒకటి కంటే ఎక్కువ ప్రతులుగా డియోస్కోరస్ కాగితాల్లోనే దొరికింది. అర్జీలోని మాటలను జవాబులోకి ఎత్తి రాయడం రాజధాని ఆఫీసుల్లో మామూలు పద్ధతి. కాబట్టి ఆ ఘాటైన వాక్యం మొదట డియోస్కోరస్ కలం నుంచే వచ్చి ఉండవచ్చని నేను అనుకుంటాను. అప్పుడది చక్రవర్తి ఒప్పుకోలు కాదు. ఊరిమనిషి తన ఫిర్యాదును చక్రవర్తి గొంతుతో పలికించుకున్నాడన్నమాట! ఆ ఉత్తర్వుతో ఊరి కష్టాలు తీరలేదు. 567 ప్రాంతంలో మెనాస్ అనే ఇంకో పగార్క్ మీద డియోస్కోరస్ మళ్ళీ అర్జీలు రాస్తూనే ఉన్నాడు.

ఇక్కడ ఎవరో చెయ్యి ఎత్తారు. గ్రీకు, లాటిన్ రాకుండా మనలాంటివాళ్ళం ఈ పని ఎలా చేయగలం అని అడుగుతున్నారు. రాకుండా చేయలేం, నేర్చుకోవాలి. కానీ పపైరస్ ఉత్తరాల గ్రీకు నాటకాల గ్రీకు కంటే తేలిక, ఒకే రకం మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. పపైరై.ఇన్ఫో అనే ఉచిత వెబ్‌సైటులో వేల పత్రాల మూలపాఠాలు, చాలాచోట్ల అనువాదాలతో సహా ఉన్నాయి. ఇదివరకు ఇందుకు పెద్ద లైబ్రరీ ఉన్న ఊళ్ళో ఉండాల్సి వచ్చేది, ఇప్పుడు ఫోన్‌లో చదవొచ్చు. కాప్టిక్ కూడా నేర్చుకుంటే ఇంకా మంచిది, అది వచ్చినవాళ్ళు ప్రపంచంలోనే తక్కువ. పని అయిపోయిందనే భయం అక్కర్లేదు. ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే ఒక్క ఊరి చెత్తకుప్పల్లో 1896 నుంచి తవ్విన ముక్కలు సుమారు 5 లక్షలు. 1898 నుంచి ఇప్పటిదాకా 80కి పైగా సంపుటాలు వేశారు. అచ్చయిన పత్రాలు ఇంకా 5,000 పైచిలుకే.